ట్రాక్‌కు పోయే కారుకు ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు ఎలా ఎంచుకోవాలి: నెల్లూరు నుంచి బయలుదేరే వాళ్ళ కోసం

నెల్లూరు నుంచి చెన్నై దగ్గరున్న ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్‌కు పోవాలంటే తెల్లవారుజామున మూడు గంటలకే కారు తీయాలి. నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాటి, చెన్నై ఊళ్ళోకి దిగకుండా ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుంటే పొద్దు పొడిచేసరికి గేటు దగ్గరుంటాం. పగలంతా ఆ 3.7 కిలోమీటర్ల ట్రాక్‌లో తిప్పుతాం. సాయంత్రం అదే కారులో, అదే ఆయిల్‌తో మళ్ళీ ఇంటికి రావాలి. సోమవారం పొద్దున పిల్లల్ని బడిలో దింపేది కూడా ఆ కారే. నేను ఇక్కడ రాస్తున్నది అలాంటి కారు గురించి. లారీ మీద ఎక్కించుకుపోయే అసలు రేసు కారు లెక్క వేరు. దానికి మంచిదైన ఆయిల్ మన కారుకు మంచిది కాకపోవచ్చు.

మొదటిసారి పోయినప్పుడు నేను ఆయిల్ గురించి ఏమీ ఆలోచించలేదు. సర్వీసు చేయించి రెండు నెలలే అయింది కదా అని బయలుదేరాను. నాలుగో ల్యాపులో, ఒక పొడవాటి మలుపు మధ్యలో, ఎర్ర ఆయిల్ లైటు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. వేగం తగ్గించి పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటికి వచ్చి, కాసేపు ఆగి ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ కింది గీతకు కొద్దిగా పైన ఉంది. మలుపులో కారు మీద పడే ఒత్తిడికి ఉన్న కాస్త ఆయిల్ కూడా ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో ఒక పక్కకు పోయింది, పంపు గాలి పీల్చింది. ఇంజిన్‌కు ఏమీ కాలేదు. కానీ ఆ రోజు ఇంటికి వచ్చేదాకా నా చెవులు ఇంజిన్ శబ్దం మీదే ఉన్నాయి. ఆ టెన్షన్ మీకు రాకూడదనే ఇదంతా.

ముందు కారు పుస్తకం తీయండి

కారుతో పాటు ఇచ్చిన యజమాని పుస్తకం గ్లవ్ బాక్సులోనే ఉంటుంది. అందులో ఆయిల్ పేజీ తెరిచి మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి: ఏ గ్రేడు వాడమన్నారు, ఏ ప్రమాణం కావాలన్నారు, ఫిల్టర్ మార్చినప్పుడు ఎన్ని లీటర్లు పడుతుంది. చాలా పుస్తకాల్లో ఒకటి కాదు, రెండు మూడు గ్రేడులు ఉంటాయి. బయటి వేడిని బట్టి ఏది వాడాలో చూపే పట్టిక కూడా కొన్నిట్లో ఉంటుంది. మీరు ఎంచుకునే స్వేచ్ఛ అంతా ఆ పట్టిక లోపలే అనుకోండి. కారు ఇంకా వారంటీలో ఉంటే ఇది మరీ ముఖ్యం. పుస్తకంలో లేని ఆయిల్ పోసి ఇంజిన్‌కు ఏమైనా అయితే మీ మాట నిలబడదు. ట్రాక్ మీద నడపడం గురించి వారంటీ షరతుల్లో ఏముందో కూడా అప్పుడే చదువుకోండి.

చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో పట్టేది మూడు నుంచి నాలుగు లీటర్లే. ట్రాక్ మీద కష్టమంతా మోయాల్సింది ఆ కాస్త ఆయిలే కాబట్టి అర లీటరు తగ్గినా తేడా కనిపిస్తుంది.

ఆయిల్ ఎంత వేడెక్కుతోందో తెలుసుకోండి

చాలామంది ఈ మెట్టు వదిలేసి నేరుగా డబ్బా కొనడానికి పోతారు. మీ కారులో ఆయిల్ ఎంత వేడెక్కుతుందో తెలియకుండా గ్రేడు ఎంచుకోవడమంటే జ్వరం చూడకుండా మందు రాయడమే.

డ్యాష్‌బోర్డులో ఉండే వేడి ముల్లు చూపేది కూలెంట్ వేడి, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం వేడి. థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాను కలిసి దాన్ని 90 డిగ్రీల చుట్టుపక్కల పట్టి ఉంచుతాయి. అందుకే ముల్లు మధ్యలో కదలకుండా ఉంటుంది, మనకు అంతా బాగుందనిపిస్తుంది. ఆయిల్ సంగతి అలా కాదు. హైవే మీద 100 వేగంతో నిదానంగా పోతుంటే ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది. ట్రాక్ మీద ఇంజిన్ పదిహేను నిమిషాల పాటు నిమిషానికి ఐదు ఆరు వేల చుట్ల మీదే తిరుగుతుంది కాబట్టి 120, 130 దాటడం మామూలే. కూలెంట్ ముల్లు మాత్రం అక్కడే ఉంటుంది.

కొన్ని ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో డ్రైవర్ ముందున్న తెర మీదే ఆయిల్ వేడి కనిపిస్తుంది. మీ కారులో అది లేకపోతే కారు కంప్యూటర్ అంకెలు చదవడానికి స్టీరింగు కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు చిన్న బ్లూటూత్ పరికరం తగిలించి ఫోనులో చూడొచ్చు. అయితే అన్ని కార్లూ ఆయిల్ వేడిని బయటికి చెప్పవు, కూలెంట్ వేడి ఒక్కటే చెప్పేవే ఎక్కువ. అప్పుడు ఆయిల్ ఫిల్టర్‌కూ ఇంజిన్‌కూ మధ్య బిగించే పళ్ళెం ఒకటి దొరుకుతుంది, దానికి సెన్సర్ పెట్టి చిన్న మీటరు బిగించుకోవచ్చు. ఏడాదికి ఒకటి రెండుసార్లు పోయే వాళ్ళకు అది అవసరం లేదు. నాలుగైదు సార్లు పోతుంటే మాత్రం ఖరీదైన ఆయిల్ కన్నా ముందు ఆ మీటరు మీద డబ్బు పెట్టండి.

గ్రేడు ఎంచుకోవడం

డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 5డబ్ల్యూ అంటే ఆ పరీక్షలు సున్నాకు 30, 35 డిగ్రీల కింద చేస్తారు. సంక్రాంతి పొద్దున్న కూడా మనకు అంత చలి ఎక్కడిది? కాబట్టి నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా 0డబ్ల్యూ కావాలా 5డబ్ల్యూ కావాలా అని చలి కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. మనం చూడాల్సింది గీత తర్వాత ఉన్న అంకె. ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో అది చెబుతుంది.

చేపల పులుసు పొయ్యి మీద ఉన్నప్పుడు పలచగా ఉంటుంది, మర్నాటికి చిక్కబడుతుంది. ఆయిలూ అంతే. ఎంత వేడెక్కితే అంత పలచన. ఆ పలచబడటం ఎంతో లెక్కల్లో చూస్తే ట్రాక్ సంగతి అర్థమవుతుంది. మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర సుమారు 11 సెంటిస్టోక్స్ చిక్కదనంతో ఉంటే, 130 దగ్గరికి వచ్చేసరికి 6 పైచిలుకుకు పడిపోతుంది. 5డబ్ల్యూ-40 అయితే 100 దగ్గర 14 ఉండి, 130 దగ్గర 8కి దిగుతుంది. అంటే ట్రాక్ మీద ఉడుకుతున్న 40 గ్రేడు ఆయిల్, హైవే మీద పోతున్న 30 గ్రేడు ఆయిల్ కన్నా పలచగా ఉంటుంది. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) బేరింగుల మధ్య లోహానికి లోహం తగలకుండా అడ్డుండేది ఆ సన్నని ఆయిల్ పొర ఒక్కటే. అది పలచబడితే నేరుగా రాపిడే.

ఇంకో అంకె కూడా ఉంది. డబ్బా మీద కనిపించదు కానీ కంపెనీ వెబ్‌సైటులో ఆ ఆయిల్ సాంకేతిక పత్రం తెరిస్తే ఉంటుంది. దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 150 డిగ్రీల వేడిలో, బేరింగులో నలిగినట్టే నలిపి, అప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా నిలబడిందో చూసిన కొలత అది. ఈ గ్రేడులను నిర్ణయించే ఎస్‌ఏఈ ప్రమాణం ప్రకారం 20 గ్రేడుకు ఇది కనీసం 2.6, 30 గ్రేడుకు 2.9, 5డబ్ల్యూ-40కి 3.5, 50 గ్రేడుకు 3.7 ఉండాలి. ట్రాక్‌కు వాడే కారుకు నేను మొదట వెతికేది ఈ అంకెనే. ఒకే 5డబ్ల్యూ-30 పేరుతో 3.0 ఉన్న ఆయిలూ దొరుకుతుంది, 3.5 ఉన్నదీ దొరుకుతుంది. రెండూ ఒకటి కాదు.

ఇక ఎంచుకోండి. బయటి వేడి ఎక్కువగా ఉన్న రోజున ట్రాక్ మీద మీ ఆయిల్ 120 దాటకపోతే పుస్తకంలో చెప్పిన గ్రేడు మార్చకండి. అదే గ్రేడులో మంచి సింథటిక్ పోస్తే చాలు. 120కీ 130కీ మధ్య పోతుంటే, పుస్తకం ఒప్పుకుంటే ఒక మెట్టు పైకి పోండి: 30 నుంచి 40కి. 130 దాటి ఇంకా ఎక్కుతుంటే మాత్రం చిక్కటి ఆయిల్‌తో సమస్య తీరదు. వరసగా తిప్పే ల్యాపులు తగ్గించండి, లేదా థర్మోస్టాట్ ఉన్న ఆయిల్ కూలర్ పెట్టించండి. 140 కనిపిస్తే ఆ ల్యాపు అక్కడితో ఆపి నిదానంగా లోపలికి రావాలి. దీన్ని మీకు మీరే ఒక నియమంగా పెట్టుకోండి.

ఆటోనగర్‌లో ఎవరో ఒకరు ‘ట్రాక్‌కైతే 20డబ్ల్యూ-50 పొయ్యన్నా, ఇంజిన్ రాయిలా ఉంటాది’ అంటారు. పాత ఇంజిన్లకు ఆ మాట నడిచింది. ఇప్పటి ఇంజిన్లలో బేరింగుల సందులు చాలా సన్నగా ఉంటాయి. వాల్వుల సమయాన్ని మార్చే యంత్రం ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆయిల్ మరీ చిక్కనైతే ఆ సన్నని దారుల్లో పారడానికి ఆలస్యమవుతుంది, దాన్ని తోయడానికే ఇంజిన్ శక్తి పోతుంది, ఆ రాపిడికి ఆయిల్ ఇంకా వేడెక్కుతుంది. 0డబ్ల్యూ-20 లేదా 0డబ్ల్యూ-16 రాసి ఉన్న కొత్త చిన్న కార్లలో ఒకేసారి 50కి దూకడం అసలు వద్దు. అలాంటి కారుకు పుస్తకంలో 5డబ్ల్యూ-30 కూడా అనుమతించి ఉంటే అది పోయండి. అనుమతి లేకపోతే ఉన్న గ్రేడుతోనే, రెండు మూడు వేగం ల్యాపులకు ఒక చల్లార్చే ల్యాపు చొప్పున తిప్పండి.

డబ్బా వెనక చదవాల్సినవి

గ్రేడు ముందు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నాణ్యత సంగతి వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెట్రోలు కార్లకు ఏపీఐ అనే అమెరికా ప్రమాణం గుర్తులో ఎస్‌తో మొదలయ్యే రెండక్షరాలు చూడండి. ఎస్‌ఎన్ 2010లో వచ్చింది, ఎస్‌పీ 2020లో. టర్బో ఉండి, పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లలో తక్కువ చుట్ల దగ్గర పెట్రోలు ముందుగానే అంటుకుని పేలే జబ్బునూ, టైమింగ్ చైను అరుగుదలనూ అడ్డుకునే పరీక్షలు ఎస్‌పీలో ఉన్నాయి. చిన్న టర్బో కారున్నవాళ్ళు ఎస్‌పీ కన్నా తక్కువది తీసుకోవద్దు.

ఏపీఐ ఒక్కటే చూస్తే సరిపోదు. ఏసీఈఏ అనే ఐరోపా ప్రమాణంలో ఏ3/బీ4 అని గానీ సీ3 అని గానీ ఉంటే ఆ ఆయిల్ హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5కి తగ్గదని అర్థం. సాంకేతిక పత్రం వెతికే ఓపిక లేనప్పుడు ఇది దగ్గరి దారి. ఏ5/బీ5 అని ఉంటే అది 2.9కీ 3.5కీ మధ్య ఉండే, ఇంధనం ఆదా చేయడానికి తయారైన ఆయిల్. కారు కంపెనీ సొంత అనుమతి సంఖ్య అడిగితే, ఉదాహరణకు ఫోక్స్‌వ్యాగన్ 502 00 లాంటిది, ఆ సంఖ్య డబ్బా మీద ఉండి తీరాలి. డీజిల్ కారుకు పొగ వడపోసే డీపీఎఫ్ ఉంటే తక్కువ బూడిద ఇచ్చే సీ3 లాంటివే వాడాలి. లారీ ఆయిల్ చవగ్గా దొరుకుతుందని పోస్తే ఆ డీపీఎఫ్ మూసుకుపోతుంది. దాని ఖర్చు వేలల్లో ఆగదు.

రేసింగ్ అని రాసి ఉన్న ఆయిల్ సంగతి. అసలైన రేసు ఆయిళ్ళలో అరుగుదల ఆపే జింకు, ఫాస్ఫరస్ ఎక్కువగా, మురికిని కడిగే మందులు తక్కువగా వేస్తారు. రేసు కాగానే దాన్ని పారబోస్తారు కాబట్టి వాళ్ళకు అది సరిపోతుంది. మనం అదే ఆయిల్‌తో ఐదు వేల కిలోమీటర్లు ఊళ్ళో తిరుగుతాం. ఇంజిన్‌లో మురికి పేరుకుంటుంది, ఫాస్ఫరస్ వల్ల పొగ శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. రోడ్డు ప్రమాణాలన్నీ ఉన్న మంచి సింథటిక్ ఆయిలే మనకు సరైనది. తొందరగా మార్చడం మీద ఆ డబ్బు పెట్టండి.

ఆయిల్‌ను కారు కంపెనీ సర్వీసు కేంద్రంలోనో, ఆయిల్ కంపెనీ అధీకృత డీలరు దగ్గరో కొనండి. బిల్లు తీసుకోండి. మూత సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడండి. నకిలీ ఆయిళ్ళు అసలు డబ్బాల్లోనే వస్తాయి కాబట్టి ఖాళీ డబ్బాను షాపులో వదలకుండా మూతకు బెజ్జం పెట్టి పారేయడం మంచిది.

ఆయిల్ ఫిల్టర్

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది: కారు కంపెనీ అసలు ఫిల్టర్, లేదా ఆ కంపెనీకి తయారుచేసి ఇచ్చే సంస్థ ఫిల్టర్. మూడోది వద్దు. బయటికి అన్నీ ఒకేలాంటి రేకు డబ్బాలే. తేడా అంతా లోపల ఉంటుంది.

లోపల రెండు వాల్వులుంటాయి. ఒకటి ఇంజిన్ ఆపాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు వాల్వు. ఇది నాసిరకం రబ్బరుదైతే ట్రాక్ వేడికి గట్టిపడి పట్టు వదులుతుంది. మర్నాడు పొద్దున స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు గలగలమనే శబ్దం వస్తే దాన్ని అనుమానించండి. సిలికాన్ రబ్బరుతో చేసినవి వేడికి బాగా నిలుస్తాయి. ఎర్రగానో నారింజ రంగులోనో ఉండే ఆ రబ్బరు ఫిల్టర్ రంధ్రాల్లోంచి కనిపిస్తుంది. రెండోది బైపాస్ వాల్వు. కాగితం మూసుకుపోయినా, చల్లటి చిక్కటి ఆయిల్ ఒత్తిడి పెరిగినా, ఇంజిన్ ఎండిపోకుండా వడపోయని ఆయిల్‌నే లోపలికి వదులుతుంది. అది ఏ ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలో ఒక్కో ఇంజిన్‌కు ఒక్కోలా ఉంటుంది. మరలు సరిపోయాయి కదా అని వేరే కారు ఫిల్టర్ బిగించకూడదనేది ఇందుకే. ట్రాక్ మీద ఎక్కువ చుట్ల దగ్గర ఒత్తిడి ఎక్కువ కాబట్టి, తప్పు వాల్వు అక్కడ తరచూ తెరుచుకుని మురికి ఆయిల్ నేరుగా బేరింగులకు పోతుంది.

సింథటిక్ పీచు వాడిన ఫిల్టర్లు సన్నటి మురికినీ పడతాయి, ఆయిల్‌నూ ధారాళంగా పోనిస్తాయి. దొరికితే తీసుకోండి. దొరకకపోతే కంపెనీ కాగితం ఫిల్టర్‌నే ప్రతి ఆయిల్‌తో పాటు మార్చండి. ఆయిల్ మార్చి పాత ఫిల్టర్ ఉంచేయడం మాత్రం ట్రాక్ కారుకు చేయకూడని పొదుపు.

గాలి ఫిల్టర్: మన నేలను బట్టి

ట్రాక్ కారనగానే నూనె పూసిన కాటన్ గాలి ఫిల్టర్ వేయమని సలహాలొస్తాయి. గాలి ఎక్కువ లాగుతుంది, పికప్ పెరుగుతుంది అంటారు. నిజమే, కాస్త ఎక్కువ గాలి పోనిస్తుంది. అయితే ఆ ఎక్కువ గాలితో పాటు ఎక్కువ దుమ్మూ పోయే అవకాశం ఉంది. మన దుమ్ము ఎలాంటిదో మనం ఆలోచించాలి.

గూడూరు దగ్గర చిల్లకూరు, కోట మండలాల్లో తీసే సిలికా ఇసుక హైవే మీద లారీల్లో పోతుంటుంది. వెనక మనం పోతుంటే అద్దం మీద చిటపటమని పడేది ఆ రేణువులే. పదికి లెక్కించే మోస్ కాఠిన్యం కొలతలో సిలికా 7 దగ్గర ఉంటుంది. చాకు ఉక్కు ఐదున్నర దగ్గరే. ఆ రేణువు సిలిండర్‌లోకి పోతే గోడల్ని గీస్తుంది, అక్కణ్ణుంచి ఆయిల్‌లోకి దిగి బేరింగుల్ని గీస్తుంది. ప్రకాశం వాళ్ళకు చీమకుర్తి గ్రానైట్ దుమ్ము ఉంది. కోతల రోజుల్లో రోడ్డు అంచున వడ్లు ఆరబోస్తారు, పొట్టు, దూగర గాల్లోకి లేస్తాయి. నెల్లూరు నుంచి ట్రాక్‌కు పోయి రావడమే మూడొందల యాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. ట్రాక్ మీద తిప్పేది వందో నూట యాభయ్యో. అంటే మన ఫిల్టర్ పనిలో ఎక్కువ భాగం ఈ దుమ్ములోనే.

అందుకే నా మాట: కంపెనీ కాగితం గాలి ఫిల్టర్, కొత్తది. దుమ్ము వడపోతలో దాన్ని మించింది మన ధరల్లో లేదు. ట్రాక్‌కు పోయే వారం ముందు తీసి చూడండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మడతల మధ్య వెలుగు మసకగా ఉంటే మార్చేయండి. కంప్రెసర్ గాలితో గట్టిగా కొట్టి దులిపితే కాగితంలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి, అలా చేసే మేస్త్రీని ఆపండి. పెట్టె శుభ్రంగా తుడిచి, ఫిల్టర్ అంచు రబ్బరు నాలుగు పక్కలా కూర్చుందో లేదో వేలితో తడిమి మూత వేయండి. మంచి ఫిల్టర్ వేసి అంచు సరిగా కూర్చోకపోతే దుమ్ము ఆ సందులోంచే పోతుంది. అప్పటికే కాటన్ ఫిల్టర్ ఉంటే దానికి పూసే నూనె కొలత దాటనివ్వకండి. ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సర్ మీద నూనె పడి ఇంజిన్ తప్పుడు లెక్కతో నడుస్తుంది.

ఏసీ క్యాబిన్ ఫిల్టర్‌కూ దీనికీ సంబంధం లేదు. పెట్రోలు ఫిల్టర్ చాలా కార్లలో ట్యాంకులోనే ఉంటుంది, పుస్తకం చెప్పినప్పుడు మార్చండి.

మార్చేటప్పుడు దగ్గర నిలబడండి

ట్రాక్‌కు వారం పది రోజుల ముందు ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. ముందు రోజు రాత్రి వద్దు. ఎక్కడైనా కారుతుంటే తెలియడానికి నాలుగు రోజులు ఊళ్ళో తిరగాలి.

ఇంజిన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు డ్రైన్ నట్టు విప్పి పూర్తిగా కారనివ్వండి. నట్టు వాషర్ కొత్తది వేయించండి. ధర చాలా తక్కువ, నలిగి పట్టు కుదిరేలా చేసిన వాషర్ అది, ఒకసారికే. పాత ఫిల్టర్ విప్పాక దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో చూడండి. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగులై, ఎక్కువ ఒత్తిడి దగ్గర ఆయిల్ మొత్తం బయటికి చిమ్మేస్తుంది. ట్రాక్ మీద అలా జరిగితే మీ ఇంజిన్ ఒక్కటే కాదు, వెనక వచ్చేవాళ్ళ ప్రాణం కూడా ప్రమాదంలో పడుతుంది. కొత్త రింగుకు కొత్త ఆయిల్ వేలితో రాయండి. చేత్తో తిప్పి, రింగు తగిలిన దగ్గర్నుంచి ఫిల్టర్ మీద రాసిన మేరకు, మామూలుగా ముప్పావు చుట్టు, చేత్తోనే బిగించాలి. పానాతో బిగించకూడదు. డ్రైన్ నట్టుకు మాత్రం పుస్తకంలో ఇచ్చిన టార్క్ (బిగింపు బలం) ఉంటుంది, టార్క్ రెంచ్ ఉన్న మేస్త్రీ దగ్గరే చేయించండి. అల్యూమినియం చాంబర్లలో ఎక్కువ బిగిస్తే మరలు ఊడిపోతాయి.

ఆయిల్ పోశాక ఇంజిన్ ఒక నిమిషం నడిపి ఆపి, ఐదు నిమిషాలాగి, సమతలమైన చోట డిప్‌స్టిక్ చూడండి. ట్రాక్‌కు పోయే కారులో ఆయిల్ పై గీత దగ్గర ఉండాలి, గీత దాటకూడదు. తక్కువైతే నాకు జరిగింది జరుగుతుంది. ఎక్కువైతే తిరిగే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది. నురుగుకు బేరింగుల్ని కాపాడే బలం ఉండదు.

ఇంజిన్ ఆయిల్ గురించి ఇంతగా చెప్పి ఒకటి చెప్పకపోతే తప్పు. మొదటిసారి ట్రాక్‌కు పోయేవాళ్ళ దగ్గర ఒక్క ఆయిల్‌కే డబ్బుంటే ముందు బ్రేక్ ఆయిల్ మార్పించండి. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చి పాతబడ్డాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మన సముద్రపు గాలిలో తేమకేం తక్కువ లేదు. మరిగితే పెడల్ నేలకు తగులుతుంది, కారు ఆగదు.

ట్రాక్ రోజున

డిక్కీలో అదే ఆయిల్ ఒక లీటరు, గరాటు, గుడ్డ ఉండాలి. ట్రాక్ చేరగానే, తర్వాత ప్రతి సెషన్ అయ్యాక పదినిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. ఎక్కువ చుట్ల మీద కొన్ని ఇంజిన్లు ఆయిల్ బాగానే తాగుతాయి. సగానికి దిగితే పోయండి.

మొదటి ల్యాపు నిదానంగా. కూలెంట్ ముల్లు మధ్యకు వచ్చినా ఆయిల్ ఇంకా చల్లగానే ఉంటుంది, 80 దాటాక పూర్తిగా తొక్కండి. పదిహేను నిమిషాల కన్నా ఒకేసారి ఎక్కువ తిప్పొద్దు. చివరి ల్యాపు పెద్ద గేరులో, బ్రేకులు అదిమిపట్టకుండా నడపండి. లోపలికి వచ్చాక టర్బో కారైతే ఒకటి రెండు నిమిషాలు ఆన్‌లోనే ఉంచండి. వెంటనే ఆపితే కాలుతున్న టర్బో బేరింగులో నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఆయిల్ లైటు ఒక్క క్షణం వెలిగినా అది మలుపు వల్లేలే అని సర్దిచెప్పుకోకండి, వచ్చేయండి. ఆయిల్ నిండుగా ఉన్నా వెలుగుతుంటే చాంబర్ లోపల ఆయిల్‌ను పక్కకు పోనివ్వని అడ్డురేకులు పెట్టించాలి, అప్పటిదాకా ఆ కారుతో ట్రాక్ వద్దు.

ఇంటికి వచ్చాక

నేను రెండు ట్రాక్ రోజులకు ఒకసారి ఆయిల్ మారుస్తాను, ఐదు వేల కిలోమీటర్లు నిండకపోయినా సరే. ఆయిల్ వేడి 130 దాటిన రోజుంటే ఒక్క రోజుకే మార్చేస్తాను. రంగు చూసి నిర్ణయించకండి, మురికిని పట్టుకుంటున్న మంచి ఆయిల్ కూడా నల్లబడుతుంది.

తీసిన పాత ఫిల్టర్ పారేయకుండా ఇంటికి తెచ్చుకోండి. మేస్త్రీ దగ్గర పైపు కోసే కట్టర్ ఉంటే దానితో కోయించండి, రంపంతో కోస్తే ఆ రజను లోపల పడి మోసం చేస్తుంది. మడతల కాగితాన్ని కత్తిరించి, తెల్ల పళ్ళెంలో పరిచి ఎండలో చూడండి. అక్కడక్కడా మెరిసే సన్నటి పొడి మామూలే. రాగి రంగు ముక్కలు కనిపిస్తే బేరింగు పొర అరుగుతోందని, వెండి రంగులో ఉండి అయస్కాంతానికి అంటుకోనివైతే పిస్టనో అల్యూమినియం భాగమో అరుగుతోందని అనుమానించాలి. అయస్కాంతానికి అంటుకునే ముక్కలుంటే కారు తీయకుండా ఇంజిన్ మేస్త్రీని పిలవండి. ఇంకా లోతుగా తెలుసుకోవాలంటే ఆయిల్ దిగేటప్పుడు మధ్యలో ఒక చిన్న సీసా పట్టి పరీక్షకు పంపొచ్చు. ఆ నివేదికలో సిలికాన్ అంకె పెరుగుతూ పోతుంటే గాలి ఫిల్టర్ పెట్టె దగ్గర దుమ్ము దూరుతోందని అర్థం.

కాలిన ఆయిల్‌ను కొయ్యలకు చెదలు పట్టకుండా పూస్తారు, కొందరు దారి పక్క కాలువలో పోసేస్తారు. రెండూ వద్దు. అందులో లోహపు పొడి, కాలిన విషాలు ఉంటాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన ఆయిల్‌ను అనుమతి ఉన్న వాళ్ళకే ఇవ్వాలి. బెజ్జం లేని ఏదైనా పాత డబ్బాలో పోసి, మూత బిగించి, వాడిన ఆయిల్‌ను రీసైక్లింగ్‌కు పంపే సర్వీసు కేంద్రంలో ఇవ్వండి. మన కాలువల నీళ్ళు చివరికి చెరువుకో పెన్నకో చేరతాయి.

చివరగా కారు పుస్తకం వెనక అట్ట మీద ఆ రోజు తేదీ, మీటరు అంకె, పోసిన ఆయిల్ పేరు, గ్రేడు, ఎన్ని ల్యాపులు తిప్పారు, ఆయిల్ గరిష్ఠంగా ఎన్ని డిగ్రీలు ఎక్కింది, ఎంత తాగింది రాసి పెట్టుకోండి. వచ్చేసారి ఏ డబ్బా కొనాలో ఆ పేజీ చూసి తేల్చుకోవచ్చు.